ముక్కు లారీ మీద గొడ్డలి

మా లారీ ఇంటికొచ్చిన మొదటి రోజే నాయన మణికట్టు విరగ్గొట్టింది.

పటాలం వాళ్ళు ఎప్పుడో వదిలేసిన బండి అది. చేతులు మారి మారి అనంతపురం చేరితే నాయన కొని తెచ్చాడు. ఇంజను భాగం దున్నపోతు మూతిలా ముందుకు పొడుచుకొచ్చి ఉండేది కాబట్టి ఊరంతా దాన్ని ముక్కు లారీ అన్నారు. స్టార్ట్ చేయాలంటే ఆ మూతి కింద ఇనుప హ్యాండిల్ దూర్చి గట్టిగా తిప్పాలి. తిప్పేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, పిడికిలి బిగించకూడదు. ఎందుకంటే ఇంజను ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. ఆ సంగతి నాయనకు ఎవరూ చెప్పలేదు. ఎముక విరిగిన చప్పుడు వాకిట్లో నిలబడ్డ మాకందరికీ వినిపించింది. అమ్మ కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చింది. నాయన ఆ చెయ్యి కడుపుకు అదుముకొని, రెండో చేత్తో బానెట్ మీద చరిచి, "పొగరుండాది దీనికి. ఉండల్ల," అన్నాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వాడు కూడా.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిపాడు. శనక్కాయ మూటలు, గుండ్రాళ్ళు, ఇటుకలు, పెళ్ళివాళ్ళు, పీనుగులు, ఏది ఎక్కితే అది మోశాడు. పాత పెట్రోలు ఇంజను అరిగిపోతే తీయించి డీజిల్ ఇంజను ఎక్కించాడు కానీ ముక్కు మాత్రం కోయనివ్వలేదు. నాకు తోలడం నేర్పింది ఆయనే. ఆ బండిలో గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మధ్యలో ఇంజను మోత ఎంత దిగిందో చెవితో పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే పళ్ళు పళ్ళు రాసుకొని గేరుబాక్సు గీపెడుతుంది. అది గీపెట్టిన ప్రతిసారీ నాయన అరచెయ్యి నా మెడ మీద పడేది. "చెవులు దేనికి ఇచ్చినాడు రా దేవుడు? ఇను. ఇని తోలు," అనేవాడు. నాకు పని వచ్చేటప్పటికి నా మెడ కూడా గట్టిపడింది.

ఆయన పోయింది తొంభైల చివర్లో. చిన్నాయనలు, మామలు అందరిదీ ఒకటే మాట, తుక్కుకు అమ్మేయమని. నేనప్పుడు బళ్ళారి వైపు నుంచి బెంగుళూరుకు ఇనుము తోలే పెద్ద లారీ మీద డ్రైవరుగా ఉన్నాను. కొత్త బండి, చిటికెన వేలితో తిరిగే స్టీరింగు, కుషన్ సీటు. అందులో కూర్చుంటే బండే నన్ను తీసుకుపోతున్నట్టు ఉండేది. ముక్కు లారీలో అయితే ప్రతి మైలూ నా భుజాలతో లాగినట్టుండేది. మనిషికి ఇందులో ఏది సుఖమో నాకు తెలియదు. నేను మాత్రం ఆ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాను.

ఆ ఏడే అక్కను కూడా తెచ్చాను. అక్కను ఇచ్చిన ఊరు పామిడికి అవతల, పెన్న దాటాక. మొగుడు కొడతాడని అందరికీ తెలుసు. కొట్టని మొగుడు యాడుంటాడు అని ఊరుకునే రోజులు. ఒకనాడు పొద్దున్నే ఆ ఊరినుంచి వచ్చిన పాల మనిషి, "మీ యక్క తల పగిలిందప్పా, పోయి సూసుకో," అన్నాడు. ఆ కాళ్ళతోనే లారీ తీశాను. నేను పోయేసరికి అక్క కుడి కనుబొమ మీద గుడ్డ కట్టుకొని అరుగు మీద కూర్చొనుంది. గుడ్డ ఎర్రగా తడిసి ఉంది. నన్ను చూసి లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చి క్యాబిన్‌లో పెట్టి, ఎక్కి కూర్చుంది.

బావ రోకలి పట్టుకొని వచ్చి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. "నా మింద పోనిస్తావా? పోనీ, సూద్దాం!" అని అరిచాడు.

నేను బ్రేకు మీంచి కాలు తీయలేదు. అక్క ఎదురుగా అద్దంలోంచి ఆయన్నే చూస్తూ, "ఏంటికి సూస్తాండావు? తోలు," అంది.

క్లచ్ వదిలాను. బంపరు మోకాళ్ళకు తగిలేదాకా ఆయన కదల్లేదు. అప్పుడు పక్కకు దూకాడు. దూకుతూ విసిరిన రోకలికి ఒక లైటు పగిలిపోయింది. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. పెన్న వంతెన దాటాక, "ఆకలైతాండాది," అంది. పామిడిలో లారీ ఆపి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. రెండు పొట్లాలు తింది అక్క. కట్టిన గుడ్డ మీద ఈగలు ముసురుతుంటే ఒక చేత్తో వాటిని తోలుకుంటూ తింది.

తర్వాత నుంచి ఎడమ పక్క సీటు అక్కది. ఇంట్లో కూర్చోనంది. ఆడమనిషి లారీ మీద తిరగడమేందని ఊళ్ళో మాటలు పడ్డాయి. గార్లదిన్నె టీ అంగడి దగ్గర ఒకడు అక్క వినేటట్టే ఏదో కూశాడు. అక్క చేతిలో ఉన్న టీ గ్లాసు తీసుకుపోయి వాడి ఒళ్ళో కుమ్మరించింది. వాడు గంతులేస్తుంటే గ్లాసు అంగడాయనకు తిరిగిచ్చి, "ఇంగొకటి పోయి అన్నా," అంది. అక్క ముందర ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ బండి తోలడంలో ఉన్న సంతోషం గురించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగినవన్నీ నేనెందుకు పడ్డానో అర్థం కాదు. పొద్దున్నే బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్ళు పోసి, ఆయిల్ చూసి, హ్యాండిల్ మీద ఒళ్ళంతా వేసి తిప్పితే ఇంజను ముందు దగ్గుతుంది, తర్వాత నల్లటి పొగ కక్కి అందుకుంటుంది. అందుకున్న క్షణంలో చెక్క క్యాబిన్ అంతా వణికి ఆ వణుకు నా పళ్ళలోకి ఎక్కేది. ముందు అద్దాన్ని కింద నుంచి పైకి నెట్టి తెరవొచ్చు. తెరిస్తే ఎర్ర దుమ్ము, గాలి, అప్పుడే కోసిన గడ్డి వాసన అన్నీ ముఖాన కొట్టేవి. కాళ్ళకు ఇంజను సెగ. స్టీరింగు చక్రం గంపంత ఉండేది. గుట్ట మలుపులో దాన్ని తిప్పాలంటే సీటు మీద నుంచి లేవాల్సి వచ్చేది. ఎక్కుడులో మూడో గేరు నుంచి రెండుకు చప్పుడు లేకుండా వేయగలిగిన రోజున నాకు అన్నం అక్కర్లేదు. మా లారీ పోయే వేగానికి దారిలో మేకలు మేపుకొనే వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి పోవచ్చు. కొత్త లారీలు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయేవి. అక్క వాళ్ళను తిట్టేది. నేను పట్టించుకొనేవాణ్ణి కాదు. ఆ లారీలో కూర్చుంటే నేను నాయన కొడుకుని, నాకొక పని ఉంది, నా చేతుల్లో ఒక బలమైన జంతువుంది.

తర్వాత వరుసగా వానలు పోయాయి.

మా పక్క కరువు కొత్త కాదు కానీ ఆ ఏళ్ళు వేరు. బుక్కరాయసముద్రం చెరువు నెర్రెలు బారి, దానిలో గొర్రెలు అడ్డదిడ్డంగా నడిచేవి. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి గాలి కక్కాయి. గార్లదిన్నెకు పైన, గుట్టల మీదుండే పల్లెల్లో తాగేదానికి కూడా నీళ్ళు లేవు. ట్యాంకర్లతో నీళ్ళు తోలమని మండలాఫీసు నుంచి చెప్పారు. వాటిలో ఒక పల్లెకు ట్రాక్టర్లు ఎక్కలేని రాళ్ళ దారి ఉంది. దాని మీదకి మా ముక్కు లారీ తప్ప ఏదీ పోదు. లారీ మీద ఇనుప ట్యాంకు ఎక్కించి కట్టాం. కింద, కాలువ దగ్గర తడి మిగిలిన ఒక బోరులో నింపుకొని రోజూ పైకి తోలేవాళ్ళం.

నీళ్ళు పోసేది సేవ అనుకుంటారు. నేనూ అలానే అనుకున్నాను. అది ఎంత రక్తంతో కూడిన పనో మొదటి వారంలోనే తెలిసింది. లారీ ఊరి మొగదలకు వస్తుండగానే జనం పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నడుస్తున్న బండి వెనక నిచ్చెన పట్టుకొని వేలాడేవాళ్ళు. ఒక ముసలాయన అట్లా వేలాడి జారి రాళ్ళ మీద పడితే ఆయన్ను తొక్కుకుంటూ పోయారు తప్ప ఎవరూ లేపలేదు. ఒకరోజు ఇద్దరు తోడికోడళ్ళు పైపు కోసం జుట్లు పట్టుకున్నారు. ఒకామె ఇత్తడి బిందె అంచుతో ఇంకొకామె నుదుటి మీద కొట్టింది. నెత్తురు కారి బిందెలో నీళ్ళలో పడింది. దెబ్బతిన్నామె ఆ నీళ్ళు పారబోయలేదు. ఎర్రబారిన బిందెనే చంకకెత్తుకొని ఇంటికి పోయింది.

మరుసటి రోజు నుంచి అక్క ట్యాంకు మీదెక్కి నిలబడింది. సీటు కింద టైరు విప్పే ఇనుప రాడ్డు ఉండేది. దాన్ని చేతిలో పట్టుకొని, "వరసగా రాండి. వరస తప్పినోళ్ళ బిందె పగులుతాది," అంది. నిజంగానే రెండు మట్టికుండలు పగలగొట్టింది. ఆ తర్వాత వరస నిలబడింది.

ఆ పల్లెకు పోయే దారి పక్కనే ఒక చీనీ తోట ఉండేది, బత్తాయిని మేము చీనీ అంటాం. తోటాయనకు నా కంటే పదేళ్ళు పెద్ద వయసుంటుంది. మంచి మనిషి. వానలున్న రోజుల్లో మా లారీలోనే ఆయన కాయలు అనంతపురం మండీకి తోలాం. అప్పుడు క్యాబిన్‌లో మా మధ్య కూర్చొని ఒక్కో కాయ ఒలిచి మా ఇద్దరికీ పెట్టేవాడు. కరువులో ఆయన బోర్లు కూడా ఎండాయి. మళ్ళీ వేయించాడు, మళ్ళీ దుమ్మే వచ్చింది. ఆకులు ముడుచుకొని, పసుపెక్కి, కొమ్మలు చివర్ల నుంచి చావడం మొదలుపెట్టాయి. మేము నీళ్ళతో పోయేటప్పుడు ఆయన గట్టు మీద నిలబడి ట్యాంకు నుంచి కారే చుక్కల్ని చూసేవాడు. లారీ ముఖం కూడా చూసేవాడు కాదు.

మొదట మర్యాదగానే అడిగాడు. "అన్నా, ఒక్క ట్యాంకు పోయండప్పా. ఒక్క తడి. ఆ తడితో వానల దాకా నిలబడతాయి."

నేను ఆయనకంటే చిన్నవాణ్ణి. నన్ను అన్నా అన్నాడంటే ఎంత కుంగిపోయాడో అర్థమైంది. "తాగేకి నీళ్ళు ఇవి. మనుషులు తాగేకి," అన్నాను.

"మనుషులు యాడికన్నా పోయి తాగుతారు. చెట్లు యాడికి పోతాయి?" అన్నాడు.

 ఆ రోజు నుంచి తిరిగొచ్చేటప్పుడు ట్యాంకు అడుగున మిగిలింది ఆయన బానలో వంచి పోయడం మొదలుపెట్టాం. బురద కలిసిన నాలుగు బిందెల నీళ్ళు. వాటిని ఆయన, ఆయన భార్య చెంబులతో మోసుకుపోయి గట్టు పక్క చెట్లకు పోసేవాళ్ళు. లోపలి చెట్లకు అందేవి కావు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నిండు ట్యాంకుతో ఎక్కుడు ఎక్కి మలుపు తిరిగితే, దారికి అడ్డంగా ఎండిన చీనీ చెట్టు కొట్టి పడేసి ఉంది. దాని మీద తోటాయన గొడ్డలితో కూర్చొని ఉన్నాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. ఎన్నాళ్ళ నుంచి నిద్ర పోలేదో. నేను బండి ఆపాను. ఇంజను ఆపలేదు, ఎక్కుడులో ఆపితే మళ్ళీ అందుకోవడం కష్టం.

ఆయన లేచి, "ఈ పొద్దు ఈడనే పోయల్ల," అన్నాడు.

"ఊర్లో జనం కాసుకోనుండారు. అడ్డం తీయన్నా," అన్నాను దిగుతూ.

"నీళ్ళు ఇడిసి పో. నిన్నేమీ అనను."

ఆయన నన్ను దాటి ట్యాంకు వెనక కొళాయి దగ్గరికి పోబోయాడు. నేను ముందుకు పోయి భుజం పట్టుకున్నాను. ఆయన తిరుగుతూనే గొడ్డలి వెనక వైపుతో కొట్టాడు. వెనక వైపు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. దెబ్బ నా కుడి భుజం మీద పడింది. ఏదో లోపల విరిగి పక్కకు జరిగినట్టయింది. కింద కూర్చుండిపోయాను. నొప్పి రాలేదు ముందు, చెవుల్లో గీ అని మోత మాత్రం వచ్చింది.

నన్ను చూసి ఆయనకూ మతిపోయినట్టుంది. ఏడ్చినట్టు, తిట్టినట్టు ఒక అరుపు అరిచి లారీ ముందుకు పోయాడు. "దీని ముక్కు ఇరగ్గొడితే యాడికీ పోదు!" అని గొడ్డలెత్తి రేడియేటర్ ముందుండే ఇనుప జాలీ మీద వేశాడు. రెండో వేటుకు గొడ్డలి లోపలికి దిగింది. ఎక్కుడెక్కి మరిగిపోయి ఉన్న రేడియేటర్ అది. వేడి నీళ్ళు బుసకొట్టి ఆయన మెడ మీద, రొమ్ము మీద చిమ్మాయి. ఆయన కేకకు చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. అయినా గొడ్డలి వదల్లేదు. కాలిన ఒంటితో వెనక్కి పరిగెత్తి ట్యాంకు మీద, కొళాయి మీద, ఏది అందితే దాని మీద వేశాడు. కొళాయి ఊడిపడింది. నీళ్ళు తోట వైపు పోలేదు. దారి వాలు అటు లేదు. చక్రాల కిందుగా, మేము వచ్చిన దారినే, ఎర్రగా పారిపోయాయి. ఆయన చేతులు అడ్డం పెట్టి వాటిని తోట వైపు మళ్ళించాలని చూశాడు. చేతుల మీదుగా పారిపోయాయి. మళ్ళీ గొడ్డలి తీసుకొని ఈసారి నా వైపు తిరిగాడు. కొట్టడానికే వచ్చాడో, ఏదైనా చెప్పడానికి వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క క్యాబిన్‌లో నుంచి దూకి రాడ్డుతో ఆయన మోచేతి కింద కొట్టింది. ఒకే దెబ్బ. గొడ్డలి పడిపోయింది. చెయ్యి వంగకూడని చోట వంగింది. ఆయన బురదలో కూర్చొని ఆ చెయ్యి చూసుకుంటూ, "పాయె... పాయె..." అన్నాడు.

అప్పటికే ఊరి జనం దిగి వస్తున్నారు. లారీ మోత విని ఇంకా రాలేదేమని బిందెలతో ఎదురొచ్చారు. వచ్చి చూస్తే నీళ్ళు దారి వెంట పోతున్నాయి. ఒక ముసలమ్మ గబగబా కూర్చొని దోసిలితో బురద నీళ్ళు బిందెలోకి ఎత్తసాగింది. మిగతా వాళ్ళు ఆయన మీద పడ్డారు.

"నీళ్ళు పారబోసినాడు! సంపండి వీన్ని!"

బిందెలతోనే కొట్టారు. కాళ్ళతో తన్నారు. వాళ్ళల్లో ఆయన బంధువులూ ఉన్నారు, ఆయన తోటలో కాయలు కోసి బతికిన వాళ్ళూ ఉన్నారు. నెత్తుటి బిందె మోసుకుపోయిన ఆమె కూడా ఉంది. కరువు మనుషుల్ని ఎక్కడిదాకా తీసుకుపోతుందో నేను ఆరోజు చూశాను, కుడి చెయ్యి వేలాడేసుకొని, దుమ్ములో కూర్చొని.

అక్క వాళ్ళ మధ్యలోకి రాడ్డుతో దూరింది. కింద పడున్న మనిషికి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడింది. "సాలు! నేను కొట్టింది సాలు! ఇంగెవురన్నా చెయ్యేస్తే వాని చెయ్యీ ఇరుగుతాది!" అని అరిచింది. ఎవరో రాయి విసిరారు. అది అక్క చెవి పక్క తగిలింది. ఆమె తూలి, మళ్ళీ నిలబడి, నా వైపు చూసి, "లేస్తావా లేదా? ఎక్కు!" అంది.

ఎలా ఎక్కానో తెలియదు. అక్క ఆయన్ను చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చి క్యాబిన్‌లోకి తోసింది. ఆయన మా మధ్య సీటులో ఒరిగిపోయాడు, కాయలు ఒలిచి పెట్టేటప్పుడు కూర్చునే చోటనే. రాళ్ళు పడుతూనే ఉన్నాయి. ఒకటి ముందు అద్దం పగలగొట్టి లోపలికి వచ్చింది. రేడియేటర్‌లో చుక్క లేదు, ఇంజను పైకి పోదు, ముందర చెట్టు అడ్డం. ఒకటే దారి, వెనక్కి, కిందికి. బ్రేకు వదిలాను. లారీ వెనక్కి దొర్లింది. ఇనుప ట్యాంకు వెనక ఏమీ కనబడలేదు. అక్క కిటికీలోంచి సగం బయటికి వంగి, "ఎడమకు! ఎడమకప్పా! ఇంగ సాలు!" అని అరుస్తూ ఉంటే ఎడమ చేత్తో ఆ గంపంత స్టీరింగును తిప్పాను. మలుపు దగ్గర వెడల్పు చోట బండిని అడ్డం తిప్పి మూతి కిందికి పెట్టాలి. దానికి గేరు వేయాలి. నా కుడి చెయ్యి రాదు, ఎడమ చెయ్యి స్టీరింగు మీద ఉంది.

"క్లచ్ తొక్కుతాండా. నేను చెప్పినప్పుడు కడ్డీని నీ పక్కకు లాగి ముందుకు దొబ్బు," అన్నాను.

అక్క ఆయన మోకాళ్ళ మీదుగా వంగి గేరు కడ్డీ పట్టుకుంది. రెండుసార్లు తొక్కాను. "ఇప్పుడు!" అన్నాను. గేరుబాక్సు ఒక్క మూలుగు కూడా లేకుండా లోపలికి దిగింది. ఇంత నొప్పిలో, ఇంత నెత్తురులో, నాకు ఒళ్ళంతా సంతోషం పాకింది. ఆ మాట దాచుకోవడం నాకిష్టం లేదు. బండి ముక్కు పల్లానికి తిరిగింది. ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేశాం. గుట్ట దిగుడంతా ఇంజను మోత లేకుండా, గాలి చప్పుడు, రాళ్ళ మీద కమాను స్ప్రింగుల చప్పుడు, పగిలిన అద్దంలోంచి దుమ్ము. బ్రేకు మీద నా కాలు, స్టీరింగు మీద నా ఎడమ చెయ్యి, దాని మీద అక్క చెయ్యి. మధ్యలో తోటాయన స్పృహ వచ్చినప్పుడల్లా, "ఒక్క తడి అన్నా," అంటున్నాడు.

కింద పెద్ద రోడ్డుకు వచ్చాక ఇంజను వేయక తప్పలేదు, దొర్లే ఊపులోనే గేరు దింపి అందించాం. పామిడి దాకా నీళ్ళు లేని ఇంజనుతో తోలాను. బానెట్ సందుల్లోంచి పొగ, కాలిన నూనె వాసన. ఊరు కనబడుతుండగా లోపల ఏదో ఇనుము ఇనుములో ఇరుక్కున్న పెద్ద చప్పుడైంది. బండి ఒక్క కుదుపుతో నిలబడిపోయింది. ఇంజను పట్టేసింది. మిగతా దూరం ఆటోలో ఆసుపత్రికి పోయాం.

కానిస్టేబుల్ వచ్చి అడిగాడు. తోటాయన చెట్టు మీద నుంచి పడ్డానన్నాడు. నేను హ్యాండిల్ వెనక్కి తన్నిందన్నాను. కానిస్టేబుల్ ఇద్దరినీ చూసి, అక్క చెవి దగ్గర వాపు చూసి, "మరి ఈమె?" అన్నాడు. "నేను గోడకు తగులుకున్యా," అంది అక్క. ఆయన తల గోక్కొని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు తోటాయన భార్య మా ఇంటికొచ్చింది. వాకిట్లో నిలబడి అక్కను తిట్టింది. "నా మొగుని చెయ్యి ఇరగ్గొట్టినావు. కాయలు కోసే చెయ్యి. నీ చేతులు పడిపోనూ!"

అక్క రాగిపిండి కలుపుతూ, "కాయలు యాడుండాయి కోసేకి?" అంది. అనేసి ఆగిపోయింది.  వచ్చినామె కొంగు నోట్లో కుక్కుకొని అరుగు మీద కూలబడింది. అక్క లేచి, చేతికి పిండి అంటుకొనే ఉండగా, పక్కన పోయి కూర్చుంది.  తర్వాత సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెడితే ఆమె తిని పోయింది.

లారీని బాగుచేయించడానికి చాలా నెలలు పట్టింది. అనంతపురంలో ఒక షెడ్డులో పడి ఉండేది. నా భుజం వంకరగా అతుక్కుంది, ఇప్పటికీ చెయ్యి చెవి దాటి లేవదు. అయినా రోజూ బస్సెక్కి పోయి మెకానిక్కుల పక్కన కూర్చొనేవాణ్ణి. ఇంజను దిమ్మె పగిలింది. తుక్కులో పడేసిన ఇంకో లారీ ఇంజను వెతికి తెచ్చి ఎక్కించాం. రేడియేటర్‌కు మాటు వేశారు. గొడ్డలి దిగిన జాలీని మాత్రం అలాగే ఉంచమన్నాను. మొదటిసారి హ్యాండిల్ ఎడమ చేత్తో తిప్పగా ఇంజను అందుకున్నప్పుడు షెడ్డులో అందరూ చేతులు తుడుచుకొని వచ్చి చూశారు. నేను బానెట్ మీద తల పెట్టి ఆ మోత విన్నాను.

మరుసటి వేసవిలో తోటాయన వచ్చాడు. చెయ్యి అతుక్కుంది కానీ సగం వంగి ఆగిపోయింది. గేటు బయటే నిలబడి, "చెట్లన్నీ కొట్టేస్తాండా. కట్టెలు మోసేకి లారీ గావల్ల," అన్నాడు. మా వైపు చూడలేదు. లారీ వైపు, ఆ చీలిన జాలీ వైపు చూశాడు.

మేము పోయేసరికి తోట నిండా గొడ్డళ్ళ చప్పుడు. కూలివాళ్ళు కొడుతున్నారు. ఆయన కూడా ఎడమ చేత్తో కొడుతున్నాడు. చచ్చిన చెట్లు తేలిగ్గా పడ్డాయి. కొన్నింటిలో ఇంకా పచ్చి ఉంది. వాటి మీద గొడ్డలి పడితే చీనీ వాసన గుప్పుమని వచ్చేది. ఆ వాసన వచ్చినప్పుడల్లా ఆయన ఇంకా గట్టిగా, తిట్టుకుంటూ కొట్టేవాడు. ఒక చెట్టు మొదలును పడిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు, చెక్కలు లేచి ముఖానికి తగులుతున్నా. అక్క పోయి గొడ్డలి చేతిలోంచి తీసుకుంది. ఇచ్చేశాడు.

లారీ నిండా కట్టెలతో అనంతపురం బయలుదేరాం. ఆయన మధ్య సీటులోనే కూర్చున్నాడు. పెద్ద రోడ్డెక్కాక, "రొంత దూరం నేను తోలొచ్చునా?" అని అడిగాడు. ఒకప్పుడు ట్రాక్టరు తోలిన మనిషి. బండి ఆపి చోటు మార్చుకున్నాను. గేరు పడక గీపెట్టింది. నా అరచెయ్యి నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. మెల్లగా పట్టుకున్నాడు. పట్టుకున్నాక హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయలేదు. హారన్ మోగుతుండగా, రోడ్డును, ఆకాశాన్ని, బోర్లు వేసిన వాళ్ళను, మండీ వాళ్ళను, చెట్లను, మమ్మల్ని కూడా, తనకు వచ్చిన బూతులన్నీ తిట్టాడు. ఎదురొచ్చే బండ్లు పక్కకు తప్పుకున్నాయి. ఆయన మెడ మీద కాలిన మచ్చ తెల్లగా మెరుస్తూ ఉంది. అక్క ఆపలేదు. కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. గొంతు పోయాక ఆయన బండి పక్కకు తీసి, దిగి, మొహం తుడుచుకొని, "మంచి బండి," అన్నాడు.

కట్టెలు దింపాక ఆయన ఊరికి రాలేదు. అటునుంచి అటే బెంగుళూరు బస్సెక్కాడు, కట్టడాల పనికి. కొన్ని నెలలకు భార్య కూడా బెంగుళూరుకే పోయింది. తర్వాత వాళ్ళను నేను చూడలేదు.

కట్టెలు దింపిన ఆ సాయంత్రం ఖాళీ లారీతో తిరిగొస్తుంటే నా భుజం సలుపుతూ ఉంది. సగం దారిలో అక్క, "లెయ్యి, నేను తోల్తా," అంది. ఆమె ఎప్పుడూ తోలలేదు. అయినా ఇన్నేళ్ళు పక్కన కూర్చొని నా కాళ్ళనే చూసిందేమో, క్లచ్ రెండుసార్లు తొక్కింది. మొదటిసారే గేరు పడింది. నాయన ఉండుంటే నా మెడ మీద ఒకటి వేసి ఆమెను చూపించేవాడు. నిమిషానికి ఒకసారి రోడ్డు దిగిపోతూ, మళ్ళీ ఎక్కిస్తూ, గొర్రెలకాపర్లను బెదరగొడుతూ ఊరి దాకా తెచ్చింది. బ్రేకు ఎంత ముందుగా తొక్కాలో మాత్రం నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. లారీ ఇంటి పక్కన దాన్ని నిలిపే పాక గోడను కూల్చుకుంటూ లోపలికి పోయి నిలబడింది. ఇటుకలు బానెట్ మీద పడ్డాయి. దుమ్ము అణిగాక అక్క పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ కనబడింది.

గోడ మళ్ళీ కట్టిద్దామంటే, "ఇంగొకసారి పడగొట్టేదే కదప్పా," అని అక్క ఒప్పుకోలేదు. వానలు వచ్చిన ఏడు ఆ కూలిన చోట బీరతీగ పాకింది.